నీ పేరు మీద ఒక చుట్టు

మొఘల్‌పురా,
26 మే 2025, సోమవారం.

చెల్లె నాగమణికి మీ అక్క రాజమణి రాసేది.

ముందుగాల నీ పానం ఎట్లున్నదో రాయి. ఎడమ భుజం ఎత్తనిస్తున్నదా? మంచు మీది గాలి నొప్పి మీద పడితే మంచిది గాదు, మఫ్లరు తలకు గాదు, భుజానికి కట్టుకో. మీ విమలాదేవమ్మగారి మోకాళ్లు ఆ వేడినీళ్లకు జరంతనన్న వంగుతున్నయా? మిమ్ముల దింపి వాపస్ వచ్చిన వాళ్ల కొడుకు వరుణ్ బాబుకు విమానంల చెవులు నొచ్చినయని విన్న, తగ్గినయా? ఇక్కడ మా సాగర్‌కు దగ్గు పోయింది, బస్సు డిపోకు డ్యూటీకి పోతున్నడు. కోడలు స్వరూపకు అరికాళ్లు మంటలు. అంగన్‌వాడిల పొద్దంత నిలబడుడే గదా. నేను బీపీ గోలీలు తప్పకుండ ఏసుకుంటున్న. మలక్‌పేటల నీ రూము తాళం వారం వారం సాగర్ పోయి గుంజి చూసి వస్తున్నడు. తాళం గూడ మంచిగున్నది.

నీ బొమ్మకార్డు మొన్న వచ్చింది. తెల్లటి కొండలు, కింద ముగ్గు పెట్టినట్టు ఊరు. స్విట్జర్లాండు అంటే గిట్లుంటదా అనుకున్న. కార్డు తిప్పితే రెండే ముక్కలు ఉన్నయి. "మంచిగున్న అక్కా. రోజు ఊరు చుట్టు తిరిగి వస్తున్న." గంతే. ఇరవై ఏండ్ల సంది వాళ్లింట్ల వంట జేస్తున్నవు, ఎన్నడన్న నిన్ను ఊరు చుట్టు తిప్పిండ్రా? ఎందుకు తిరుగుతున్నవు, ఎవరు తిరగమన్నరు, తిరిగేటప్పుడు ఊరు నీ కుడిచేతికి ఉంటదా ఎడమచేతికా? ఎడమకు ఉంటే తిరగకు.

ఫోన్ల మాట్లాడుకుంటే అయిపాయె గదా అని సాగర్ అంటడు. ఆ ఫోను నేను ముట్ట. మార్చి నెల సంగతి నీకు తెలిసిందే. పోలీసు డ్రెస్సు ఏసుకున్నోడు ఫోన్ల బొమ్మలెక్క కనబడి, నా పేరు మీద ఏందో పార్శిల్ దొరికిందని, "రాజమణీ, నువ్వు అరెస్టు, గడప దాటొద్దు, ఫోను ముందటికెల్లి లేవొద్దు" అన్నడు. సాగర్ బస్సు మీద పైఊరికి, స్వరూప ట్రైనింగు డ్యూటీకి పోయి ఉండిరి, ఒకటిన్నర దినం ఒక్కదాన్నే కూసున్న. దొడ్డికి పోవాల్నన్న వాని పర్మిషన్ అడిగిన. స్వరూప డ్యూటీకెల్లి జల్ది వచ్చి ఫోను గుంజుకున్నది గాబట్టి పైసలు పోలే. దొంగలు అని సాగర్ చెప్పిండు, స్టేషన్ల రాసిచ్చిండు.

నీకు చెప్పనిది ఒకటున్నది. నువ్వు పోయే ముందట నేను మలక్‌పేటకు రాలే. మోకాళ్లు అన్న. అబద్ధం. మార్చి సంది నేను గడప దాటలే. చెత్తబండి వస్తే డబ్బ స్వరూపనే ఇస్తది. దొంగలే కావచ్చు నాగమణీ. కానీ నా పేరు, మన నాయిన పేరు, ఇంటి నంబరు వాడు తప్పు లేకుండ సదివిండు. అరెస్టు అని చెప్పిండు గని, విడిచిపెట్టినం అని ఇప్పటిదాక ఎవ్వరు చెప్పలే. దర్వాజ కాడికి పోతే కాళ్లు ఆడనే ఆగిపోతయి. సాగర్‌కు మోకాళ్లనే చెప్తున్న.

ఈ ముచ్చట ఎవ్వరితోని అనకు. అడ్రసు స్వరూప ఒక్కొక్క అక్షరం చూసి రాసింది. జవాబు రాయి. ఉన్నదున్నట్టు రాయి.

నీ మేలు కోరే అక్క,
రాజమణి


9 జూన్ 2025

అక్కకు దండాలు. నాగమణి రాసేది.

నీ ఉత్తరం మొన్న వచ్చింది. నా భుజం మంచిగున్నది, అమ్మగారి మోకాళ్లు ఎట్ల వచ్చినయో అట్లనే ఉన్నయి, వరుణ్ బాబు చెవులు నాకు తెల్వదు. నీ మోకాళ్లకే అసలు రోగం లేదని ఇప్పుడు తెలిసింది. నువ్వు రాలేదని విమానం ఎక్కేదాక నేను అలిగిన. ముందే చెప్తే పోయేది గదా.

ఇక్కడి సంగతి ఉన్నదున్నట్టు రాస్త. ఊరు పేరు నాకు నోరు తిరగది. ఊరంత కుళ్లిన గుడ్డు వాసన. ఆ వాసన నీళ్ల కోసమే దేశాలకెల్లి వచ్చి మెడల దాక మునుగుతున్నరు. మాకు ఇచ్చిన రూముల నడుమ ఒక తలుపున్నది, అటు అమ్మగారు, ఇటు నేను. బెల్లు కొడితే పోవాలె. కాళ్లకు నూనె, చారు, అన్నం, గోలీలు, మళ్ల బెల్లు. రాత్రి పక్క మీద దొర్లితే గూడ చెయ్యి బెల్లు మీదనే పడుతది ఆమెకు. నా పాస్‌పోర్టు ఆమె హ్యాండుబ్యాగుల, హ్యాండుబ్యాగు ఆమె దిండు కింద. నాకు భాష రాదు, పాస్‌పోర్టు ఉన్నా ఏడికి పోత?

ఇగ తిరుగుడు ముచ్చట. ఊరు చుట్టు ఒక తొవ్వ ఏసిండ్రు. స్నానాల బిల్డింగు కాడ మొదలై మళ్ల ఆడికే వస్తది, గంటన్నర నడక. నడుమ నడుమ ఆరు కట్టె స్తంభాలు. ఒక్కొక్కదానికి ఒక డబ్బ, డబ్బల తాడు కట్టిన ముద్ర. చేతిల కార్డు మీద ఆరు ముద్రలు కొట్టుకొని రావాలె. డాక్టరు అమ్మగారిని రోజు నడవమన్నడు. కొడుకేమో రోజు సాయంత్రం ఆ కార్డు ఫోటో తీసి పంపమన్నడు. మొదటి రోజు ఆమె మొదటి వంతెన దాక వచ్చి కూలబడ్డది. నా దిక్కు చూసి అన్నది గదా, "నాగమణీ, సేఠ్‌గారికి గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆయన పేరు మీద నూటెనిమిది ప్రదక్షిణలు పూజారి కొడుకు జేసిండు. ఫలితం ఎవరికొచ్చింది?"

"సేఠ్‌గారికే అమ్మా."

"మరి? నా పేరు, నా గోత్రం చెప్పుకొని నువ్వు తిరుగు. డాక్టరుకు గోత్రాలు తెల్వయి, ఆయనకు ముద్రలు చాలు."

అప్పటి సంది పొద్దుగాల తొమ్మిదింటికి స్నానాల బిల్డింగు ముందట నిలబడి, చెప్పులు విడిచి, ఆమె గోత్రం పలికి, మళ్ల చెప్పులేసుకొని బయలుదేరుత. బాణం గుర్తులు ఎడమచేతికి ఊరు వచ్చేటట్టు పెట్టిండ్రు. నేను ఉల్టా పోత. ఊరు నా కుడిచేతికే ఉంటది, నువ్వు నిమ్మళంగ ఉండు. అందరు ఎదురొస్తరు, అందరు నవ్వుకుంట ఏందో అంటరు. నేను "మంచిది, మంచిది" అంట.

అక్కా, ఆ తొవ్వ ఎట్ల చెప్పాలె నీకు. ముందుగాల కప్పున్న కట్టె వంతెన, కింద బియ్యం కడిగిన నీళ్ల లెక్క తెల్లటి వాగు. అవుతల చెట్లు, మెడ ఎత్తి చూస్తే కొంగు జారుతది. తర్వాత పచ్చిగడ్డి, ఆవులు. ఒక్కొక్క ఆవు మెడల చెంబంత గంట. మెల్లగ మేస్తుంటే కొండంత పూజ అవుతున్నట్టు ఉంటది. కూసునే బల్లల మీద సచ్చిపోయినోళ్ల పేర్లు చెక్కిండ్రు, వాళ్లు అక్కడ కూసునేటోళ్లంట. పై మలుపు కాడ నిలబడితే ఊరంత తాంబాళంల పెట్టినట్టు కనబడుతది, మా రూము కిటికీ గూడ. అంత చిన్న కిటికీ. ఆ తొవ్వ ఎటు పోదు, గది కాడికెల్లి గది కాడికే తెస్తది. కానీ నడిచినంత సేపు నన్ను పిలిచేటోళ్లు లేరు.

తమాషా ఏందంటే, ఆమె పేరు మీద నేను తిరిగితే నా భుజం తగ్గింది. ఈ ముద్రల సంగతి నీ కడుపుల పెట్టుకో. వరుణ్ బాబుకు తెలిస్తే అమ్మగారి పరువు పోతది.

నువ్వు జర గడప దాటు. ఏ పోలీసు రాడు.

నీ చెల్లె,
నాగమణి


మొఘల్‌పురా,
22 జూన్ 2025

చెల్లె నాగమణికి,

పానం బాగుందని రాసినవు. ఉత్తరం నాలుగుసార్లు సదివిన. సదివినకొద్ది బుగులు పెరిగింది.

మళ్ల నేను చెప్పేది ఇను. బెల్లు కొడితే పోతున్నవు. పాస్‌పోర్టు వాళ్ల దిండు కింద. రోజు ఒక్కటే తీరుగ ఒక్కటే తొవ్వల తిప్పుతున్నరు, తిప్పినట్టు ముద్రలు ఏయించుకుంటున్నరు, ఆ ముద్రలు హైదరాబాదుకు పంపుతున్నరు. మన నాయిన చంచల్‌గూడ జైలు గోడకు సున్నం ఏసే పనికి పోయినప్పుడు చెప్పలేదా, లోపల ఖైదీలను పొద్దుగాల చుట్టు తిప్పి లెక్క రాసుకుంటరని. నువ్వేమో ఆవులు, గంటలు అని రాస్తున్నవు.

ఒకటి చెప్త, నవ్వకు. ఆ ఒకటిన్నర దినంల స్వరూప పక్కింటి ఫోనుకు చేసి నాకు ఇప్పిచ్చింది, "అత్తమ్మా మంచిగున్నరా" అని. ఫోన్లోడు నా ఎదురుగనే ఉన్నడు, మంచిగున్న అని చెప్పుమన్నడు. మంచిగున్న బిడ్డా, అన్నం తిన్న, అన్న. గొంతు గూడ వణకలే. గందుకే ఎవరన్న మంచిగున్న అని రాస్తే నాకు నమ్మబుద్ధి కాదు. నీ ఉత్తరం అమ్మగారు సదివి పంపుతున్నదేమో. ఆమెకు సదువు మస్తుగ వచ్చు.

గందుకే ఒక గుర్తు పెడుతున్న. చిన్నప్పుడు మన అమ్మ నన్ను ఏమని పిలిచేదో నీకొక్కదానికే ఎరుక. నువ్వు నిజంగ మంచిగుంటే జవాబుల ఆ పేరు రాయి. ఆ పేరు లేకపోతే నువ్వు ఆపదల ఉన్నవని నేను సమజ్ చేసుకుంట.

ఇంకొకటి. ఒకరి నొప్పి పేరు మీద తిరిగితే ఆ నొప్పి తిరిగినోళ్ల మీదికి రాదా? ఎందుకు రాదు? అల్లం, ఉప్పు కొంగుల కట్టుకొని పో.

నా సంగతి అడగకు. నిన్న కూరగాయల బండి దర్వాజ ముందటికే వచ్చింది, నేను లోపలికెల్లే తూకం చూసిన.

నీ రందితోని నిద్ర లేని అక్క,
రాజమణి


27 జూన్ 2025

అక్కకు,

నీ జవాబు ఇంక రాలే. అయినా రాయబుద్ధి అయి ఈ చిన్న ఉత్తరం. అమ్మగారు నీళ్లల్ల ఉన్నరు, నలభై నిమిషాలు బెల్లు లేదు.

ఇయ్యాల పై మలుపు కాడ బల్ల మీద ఒక ముసలామె కూసున్నది. నీ ఈడు ఉంటది. జరిగి జాగ ఇచ్చింది. ఆమె భాషల ఆమె, నా భాషల నేను, గడియసేపు మాట్లాడుకున్నం. కోడలి మీద చెప్తున్నదని నాకు అర్థమైంది. నేను నీ మీద చెప్పిన. పోయేటప్పుడు సంచిలకెల్లి ఒక నీలం పువ్వు తీసి ఇచ్చింది, ఈ కాయితంల పెట్టిన, ఒత్తిపోయినా రంగు పోలే.

నాకైతే ఆ గంటన్నర కోసమే తెల్లారుతది అక్కా. ఒక్కొక్కసారి ఇక్కడనే ఉండిపోతే ఎట్లుంటది అనిపిస్తది.

అమ్మగారు వస్తున్నరు. ఉంట.

నాగమణి


మొఘల్‌పురా,
10 జూలై 2025

నాగమణికి,

నీ జవాబు నిన్న అందింది. ముందుకు ఎనుకకు, కాయితం మడతలల్ల, పువ్వు కింద గూడ చూసిన. అమ్మ పిలిచే పేరు ఏడ లేదు. "అమ్మగారు వస్తున్నరు" అని ఉత్తరం నడుమల తుంచినవు. ఇక్కడనే ఉండిపోతే అని రాసినవు. నువ్వు రాసే మాటేనా అది? మలక్‌పేట రూముల ఉల్లిగడ్డలు ఖరాబు గాకుండ చూడుమని సాగర్‌కు చెప్పి పోయిన దానివి నువ్వు.

ఇగ నాకు ఓపిక పట్టలే. సాగర్‌కు నీ ఉత్తరాలన్ని సదివి ఇనిపించిన. వాడు ముందు నవ్విండు. నేను అన్నం ముట్టకపోయేసరికి మీ అమ్మగారి పెనిమిటి వైకుంఠం సేఠ్ దుకాణానికి పోయి వరుణ్ బాబును అడిగిండు. మా చిన్నమ్మ పాస్‌పోర్టు ఎందుకు గుంజుకున్నరు, మీ అమ్మగారి బదులు ఆమెను కొండలెక్కిచ్చి ముద్రలెందుకు ఏయిస్తున్నరు, ఎప్పుడు పంపుతరు అని. దుకాణంల గిరాకీ ముందటనే అడిగిండంట. వరుణ్ బాబుకు ముద్రల ముచ్చట తెల్వదంట. మొఖం ఎర్రగ చేసుకొని అప్పటికప్పుడు ఫోను కొట్టిండంట.

నిన్ను విడిపిస్తున్న బిడ్డా. ధైర్యంగ ఉండు. నన్ను విడిపించేటోళ్లు లేకపోయినా నీకు నేనున్న.

నీ అక్క,
రాజమణి


15 జూలై 2025

అక్కకు,

బొంగరం. ఇగో రాసిన. బొంగరం, బొంగరం, బొంగరం. ఒక్క జాగల నిలబడక మొఘల్‌పురా గల్లీలన్ని తిరిగేదానివని అమ్మ నిన్ను అట్ల పిలిచేది. చాలా?

గుర్తు పెట్టిన ఉత్తరం ఐదో తారీఖు నాడు నా చేతికొచ్చింది. దానికంటే ముందే నేను పువ్వు పెట్టి పంపిన. తారీఖు చూడవా నువ్వు? పైన పెద్దగ రాసిన, నీ జవాబు ఇంక రాలే అని గూడ రాసిన. నీకు జవాబు రాద్దామని కాయితం తీసేలోపల్నే గురువారం నాడు వరుణ్ బాబు ఫోను వచ్చింది. సాగర్ ఏం అడిగిండో, దుకాణంల ఎట్ల లొల్లి అయిందో అన్ని ఆ ఫోన్లనే తెలిసినయి.

కొడుకు అరుస్తుంటే అమ్మగారు పక్క మీద కూసొని చిన్నపిల్ల లెక్క ఏడ్చింది. "నాతోని చాతకాదురా, అందరు చూస్తుంటే కుంటుకుంట నడవాల్నంటే నాకు సిగ్గు" అన్నది. నాకు ఆమె మీద కోపం రాలే. నా పాస్‌పోర్టు తీసి నా చేతుల పెట్టింది, "మీ అక్కకు చెప్పు, నేను గుంజుకోలే, నీ సంచి జిప్పు చెడిపోయిందని నువ్వే ఇచ్చినవు" అన్నది. నిజమే. నేనే ఇచ్చిన. అది నీకు రాయాలని నాకు తోచలే.

ఇప్పుడు ఏమైందో ఇను. కొడుకు ఆర్డరు. అమ్మగారు తానే నడవాలె, నేను చెయ్యి పట్టుకొని పక్కన ఉండాలె, వీడియో తీసి పంపాలె. రెండో స్తంభం దాక పోయేసరికి గంటన్నర అయితది, ఆడికెల్లి వాపస్. నడిచినంత సేపు ఆమె చెయ్యి నా భుజం మీదనే, నొప్పి తగ్గిన ఆ భుజం మీద. ఆమె కోడలు హరిచందన ముచ్చట, మోకాళ్ల ముచ్చట, నీ ముచ్చట. పై మలుపు నేను చూసి ఆరు రోజులైంది. ఆ ముసలామె బల్ల మీద నా కోసం జాగ ఉంచుతున్నదో ఏమో.

అక్కా, ఆ తొవ్వ జైలు గాదు. పొద్దంతట్ల నాకున్నది అదొక్కటే. నీకు అది జైలు లెక్క ఎందుకు కనబడ్డది? నీ బుగులు నిన్ను అక్కడ గడప లోపల కూసుండబెట్టింది. నేను ఇంత దూరం వస్తే ఇక్కడిదాక వచ్చి నన్ను గూడ గదిల కూసుండబెట్టింది.

వీసా ఒడుస్తది. ఆగస్టు ఎనిమిది, శుక్రవారం నాడు శంషాబాదుల దిగుతున్నం. ఈ లోపల నాకు రాయకు. రాసినా అందది.

నాగమణి


మొఘల్‌పురా,
3 ఆగస్టు 2025, ఆదివారం.

చెల్లె నాగమణికి,

ఈ ఉత్తరం ఆ దేశానికి గాదు, మలక్‌పేటకు రాస్తున్న. నువ్వు తాళం తీసి తలుపు తోస్తే కాళ్ల కింద ఉంటది. తొక్కకు. లోపల ఇంకొక కాయితం ఉన్నది.

విమానంల భుజం పట్టేసిందా? అమ్మగారు దిగేటప్పుడు మెట్లు దిగిందా, కుర్చీల తెచ్చిండ్రా? ఆమెను నా తరఫున మాఫీ అడుగు. నేను గూడ అడుగుత.

నీ ఉత్తరం పోయిన ఆదివారం నాడు స్వరూప సదివి ఇనిపించింది. నేనే సదువుకుంట అన్న, కండ్లద్దాలు కనబడలే. గడప లోపల కూసుండబెట్టింది అన్న కాడ ఆమె ఆగింది. నా దిక్కు చూసింది. మోకాళ్ల నూనె సీసా తీసి అల్మారల పెట్టేసింది. గంతే.

మూడు దినాలు ఆలోచన చేసిన. నీ చుట్టు నేను గుంజుకున్న, మళ్ల నీకు ఇయ్యాలె. కానీ ఎట్ల ఇయ్యాలె? బోనాల నాడు గూడ నేను గడప దాటలేదు నాగమణీ. నలభై ఏండ్లల మొదటిసారి. డప్పులు వినబడుతుంటే డాబా మీద నిలబడి, కోడలు బోనం ఎత్తుకొని గల్లీ మలుపు తిరిగిందాక చూసి దిగిన. అటువంటిదాన్ని.

బుధవారం రాత్రి తోచింది. అరెస్టు ఎవరి పేరు మీద ఉన్నది? రాజమణి పేరు మీద. అమ్మగారి పేరు మీద నువ్వు తిరిగితే ఆమె తిరిగినట్టే అని డాక్టరు ఒప్పుకున్నడు, తెలిసేదాక కొడుకు ఒప్పుకున్నడు, ఆ దేశం ముద్రలు గూడ ఒప్పుకున్నయి. మరి నీ పేరు మీద నేను తిరిగితే, తిరిగేది రాజమణి గాదు గదా. నాగమణి మీద ఏ కేసు లేదు.

బేస్తవారం పొద్దుగాల తొమ్మిదింటికి, సాగర్, స్వరూప డ్యూటీలకు పోయినంక, గడప కాడ చెప్పులు విడిచిన. మన గోత్రం నాకు తెల్వదు, నాయిన గూడ ఎన్నడు చెప్పలే. గందుకే ఇంటిపేరు చెప్పి, గల్లీ పేరు చెప్పి, నాగమణి పేరు మీద ఒక చుట్టు అన్న. చెప్పులేసుకున్న. కాళ్లు ఆగినయి. మళ్ల అన్న. మూడోసారి అంటే అవుతల పడ్డ.

మన ఇంటి బస్తీ చుట్టు తిరిగేదానికి ఎంతసేపు, చిన్నప్పుడు మనం పుల్ల ఐస్ కరిగేలోపల తిరిగొచ్చేది. నాకు గంటంబావు పట్టింది. బస్తీ నా కుడిచేతికే ఉండేటట్టు పోయిన. ముద్రలుండాలె గదా అని బడిపిల్ల లెక్క ఒక కాయితం పట్టుకొని పోయిన. మొదలు ఇస్త్రీ బండి కాడ ఆగిన. పెట్టె మూల ఆనించమన్న, గోధుమరంగు మచ్చ పడ్డది. ఎందుకు పెద్దమ్మా అన్నడు, మా చెల్లెకు అన్న. తర్వాత పిండి గిర్ని. పిండి చెయ్యి అట్లనే అద్దిండు, దులపకు, అది ముద్రనే. టైలర్ ప్రేమ్‌రాజ్ అయితే ఎర్రదారంతోని ఒక కుట్టు ఏసిచ్చిండు. "ఏం రాజమణక్కా, ఎన్ని నెలలైంది, పోయినవనుకున్న" అన్నడు. "పోలే, లోపల్నే ఉన్న" అన్న. పాన్ డబ్బ కాడ ఆకుకు పూసే కత్తాతోని ఏలిముద్ర. హోటల్ మామూ చాయ్ కప్పు కింద కాయితం పెట్టిండు, ఆ గుండ్రం మరక అదే. "బహుత్ దినోంకు దిఖే ఖాలా, బైఠో" అని, శాన దినాలకు కనబడ్డవని కుర్చీ ఏసిండు. కూసున్న. చాయ్ తాగిన. రోడ్డు మీది జనాన్ని చూసుకుంట ఎంతసేపు కూసున్ననో నాకే తెల్వదు.

ఆరోది మిగిలింది. బండ్లు ఆపి చూసే నాకా కాడ పోలీసు డ్రెస్సు.

దూరంకెల్లే చూసిన. ఎనుకకు తిరుగుదామంటే చుట్టు సగమైతది, సగం చుట్టు నీ పేరు మీద పెడితే పాపం నాకు. గోడ పట్టుకొని నిలబడ్డ. అతనే వచ్చిండు. హోంగార్డు.

"ఏమైందమ్మా, కండ్లు తిరుగుతున్నయా? నీ పేరేంది, ఇల్లు ఎక్కడ?"

ఫోన్లోడు గూడ పేరు, ఇంటి నంబరు కాడికెల్లే మొదలుపెట్టిండు. నా నోటికెల్లి "నాగమణమ్మ" అని వచ్చింది.

"నీళ్లు తాగు నాగమణమ్మా" అని తన సీసా ఇచ్చిండు. తాగిన. గుండె నిలబడ్డంక కాయితం చూపించి సంతకం చెయ్యమన్న. ఎందుకని అడిగిండు. నేను ఇక్కడిదాక వచ్చినట్టు, అన్న. అటు ఇటు తిప్పి చూసిండు, వాసన గూడ చూసిండు. మోకాలు మీద పెట్టి "బసవయ్య, హోంగార్డు" అని రాసి కింద గీత కొట్టిండు.

"ఇంటికి పోవచ్చునా సార్?" అన్న.

"పో అమ్మా. నిన్ను ఎవరు ఆపిండ్రు?" అన్నడు.

ఆ మాట కోసమే నాగమణీ, మార్చి నెల సంది కూసున్న. కానీ ఇంటికొచ్చినంక ఇంకో రంది పట్టుకున్నది. ఆయన పో అన్నది నిన్ను, నన్ను గాదు. డ్రెస్సు మీద ఉన్న మనిషికి తప్పు పేరు చెప్పిన. ఇది కొత్త కేసు కాదా? సాగర్‌ను అడుగుదామంటే వాడు నవ్వుతడు. గందుకే నేనే పోయి చెప్పాలె అనుకున్న. మలక్‌పేటకు రావాల్నంటే ఆ నాకా మీదికెల్లే రావాలె గదా.

ఆరు ముద్రల కాయితం నీది. ఫలితం ఏమన్న ఉంటే అది గూడ నీదే. నా మోకాళ్లకైతే ఏం గాలే, అవి మొదటి సంది మంచిగనే ఉన్నయి.

ఈ ఉత్తరం పోస్టు డబ్బల నేనే ఏస్తున్న. స్వరూప వెంట వస్త అన్నది, డబ్బ దాక వద్దు, గల్లీ మలుపు కాడ నిలబడు అన్న.

శుక్రవారం దిగుతున్నవు, శనివారం రాఖీ. ఆ నాడు బస్సులు కిక్కిరుస్తయి, నాకు వద్దు. నువ్వు గూడ పండుకో. ఆదివారం, ఆగస్టు పది, పొద్దుగాల పదింటికి నీ తలుపు కొడుత. రాజమణి పేరు మీదనే వస్త.

నీ అక్క,
బొంగరం